ఫొటో కింద ఒక పేరు

నౌకాదళం ఫొటోలను భద్రపరిచే, ప్రదర్శించే, అచ్చు వేసే అధికారులందరికీ,

నమస్కారం.

మాది కర్నూలు. సముద్రం చూడాలంటే మాకు ఒక రాత్రంతా ప్రయాణం. ఈ ఊరి నుంచి మా నాయన 1981లో నౌకాదళంలో చేరాడు. ఒడిశాలోని చిల్కాలో శిక్షణ అయ్యాక ఫొటోగ్రాఫర్‌ల విభాగంలోకి వెళ్లాడు. 2007లో చీఫ్ పెటీ ఆఫీసర్‌గా రిటైరై ఇంటికి వచ్చేదాకా ఆయన పని అదే.

ఈ ఉత్తరంలో ఆయన పేరు రాయడం లేదు. రాస్తానంటే ఒప్పుకోలేదు. "నా పేరు రాస్తే నా ఒక్కని కోసం అడిగినట్టుంటాది. అడిగేదేందో అందరికోసం అడుగు" అన్నాడు. అందుకే అందరికోసమే అడుగుతున్నాను: మీరు బయటికి తెచ్చే ఫొటోల కింద తీసినవారి పేరు రాయించండి. కానీ నాకు బాగా తెలిసింది ఆయన ఒక్కడి సంగతే కాబట్టి, అదే చెప్పాలి.

రెండేళ్ల కిందట అమ్మను తీసుకుని ఒక నగరానికి బంధువుల పెళ్లికి వెళ్లాను. మేం దిగిన చోటికి దగ్గర్లోనే సైనిక దళాల ఫొటోల ప్రదర్శన జరుగుతోంది. ఎవరు పెట్టారో ఇక్కడ రాయను, వాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. సాయంత్రం ఖాళీగా ఉండి లోపలికి వెళ్లాం. నేను ముందు నడుస్తున్నాను. వెనక అమ్మ ఆగిపోయింది. తిరిగి చూస్తే ఒక పెద్ద ఫొటో ముందు నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

నడుముల్లోతు నీళ్లలో ఒక నావికుడు. భుజాన ఒక ముసలామె. ఆమె చేతిలో సత్తు గిన్నె. 2004 డిసెంబర్‌లో సునామీ వచ్చాక అండమాన్, నికోబార్ దీవులకు సహాయం తీసుకువెళ్లిన ఓడల్లో ఒకదాని మీద నాయన వెళ్లాడు. ఆ సహాయానికి నౌకాదళం పెట్టుకున్న పేరు ఆపరేషన్ సీ వేవ్స్. ఆ ఫొటో కార్ నికోబార్‌లో తీసింది. అధికారి ఒకరు మెచ్చుకుని, అనుమతితో ఇచ్చిన ప్రింటు ఆదోనిలో మా అమ్మమ్మ ఇంటి గోడ మీద ఇప్పటికీ ఉంది.

ప్రదర్శనలో దాని కింద 'సునామీ సహాయ చర్యలు, ఫైల్ ఫొటో' అని రాసి ఉంది. అంతే. అమ్మ అక్కడున్న కుర్రాణ్ణి పిలిచి "ఇది మా ఆయన తీసింది నాయనా" అంది. ఆ అబ్బాయి చాలా మర్యాదగా "అలాగా అమ్మా" అన్నాడు. పాపం, అతను మాత్రం ఏం చేస్తాడు, అతనికి ఇచ్చిన కాగితంలో ఉన్నది అదే. అమ్మ ఇంకొంచెంసేపు నిలబడి, ఫొటోకు చెయ్యి తగిలించకుండా గిన్నె ఉన్నచోట గాల్లోనే వేలు ఆనించి చూపించింది. "ఈ గిన్నె ఆమె వదల్లేదంట. ఒక్క ఫొటో తీసి, కెమెరా మెడకేసుకుని, గిన్నె ఈయనే పట్టుకున్నాడంట."

ఆ గిన్నె సంగతి ఆ గోడ మీద ఎక్కడా లేదు. అది తెలిసిన మనిషి కర్నూలులో ఉన్నాడు. ఆయన ఉన్నాడని మీకు తెలిసే దారి లేదు, ఎందుకంటే ఫొటో కింద పేరు లేదు. నా బాధంతా ఇదే.

ఆయన పని ఎలా ఉండేదో కొంచెం చెప్పనివ్వండి. నౌకాదళ ఫొటోగ్రాఫర్ అనగానే అందరికీ యుద్ధనౌకలు, విమానాలు గుర్తొస్తాయి. అవీ ఉన్నాయి. చేతక్ హెలికాప్టర్ తలుపు తీసి, నడుముకు బెల్టు కట్టుకుని బయటికి వంగి తీసిన రోజులున్నాయి. కానీ ఎక్కువ రోజులు చేసింది ఎవరూ గోడకు తగిలించని పని. పగిలిన పైపు పక్కన స్కేలు పెట్టి ఎంత పగిలిందో తెలిసేలా తీయడం. గుర్తింపు కార్డుల కోసం రోజుకు వంద ముఖాలు తీయడం. విచారణ జరుగుతుంటే సాక్ష్యానికి పనికొచ్చేలా ఏ వస్తువూ కదపకుండా తీయడం. కింద ఏసీ గదిలోంచి కెమెరా నేరుగా డెక్ మీదికి తెస్తే ఉక్కకు లెన్సు మీద ఆవిరి పడుతుందట. ప్లాస్టిక్ సంచిలో చుట్టి, అది బయటి వేడికి అలవాటు పడేదాకా ఆగాలి. సాయంత్రం ఉప్పుగాలి తగిలిన ప్రతి భాగాన్నీ తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడవాలి. ఇంట్లో ఇప్పటికీ ఆయన టీవీ రిమోట్‌ను కూడా అలాగే తుడుస్తాడు.

తీసిన ప్రతి రోల్‌కూ ఒక నంబరు, తేదీ, చోటు, తీసినవారి పేరు రిజిస్టర్‌లో రాసేవాడినని నాయన చెప్తాడు. అంటే పేరు పుట్టినప్పుడే ఉంది. ఫొటో గది దాటి, పత్రికకో పుస్తకానికో ప్రదర్శనకో పోయే దారిలో ఎక్కడో జారిపోయింది.

పాత విమానవాహక నౌక విక్రాంత్ గురించి అడిగితే మాత్రం ఆయన గంటసేపు మాట్లాడతాడు. 1983 డిసెంబర్‌లో సీ హారియర్ విమానం మొదటిసారి విక్రాంత్ మీద దిగింది. నాయన ఆ ఓడ ఎక్కింది ఆ తర్వాత కొన్నేళ్లకు. విమానం నిటారుగా కిందికి దిగుతుంటే ఆ వేడిగాలి కొలిమి మూత తీసినట్టు ముఖానికి కొట్టేదట. 1997 జనవరి 31న విక్రాంత్‌ను సేవ నుంచి తప్పించారు. కొన్నేళ్లు ముంబైలో మ్యూజియంగా నిలబడింది. 2014లో ముక్కలు చేశారు. ఆ ఇనుములో కొంత బజాజ్ కంపెనీ కొని మోటార్‌సైకిళ్లలో వాడింది. మా వీధిలో ఒక కుర్రాడు ఆ బండి కొన్నాడని తెలిసి నాయన వాళ్లింటికి వెళ్లి, ట్యాంకు మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడి వచ్చాడు. ఇంటికొచ్చి ఏమీ మాట్లాడలేదు. ఆ ఓడ మీద తిరగాలన్నా, ఆ డెక్ ఎంత ఇరుకో చూడాలన్నా ఇప్పుడు ఫొటోలే దిక్కు. ఆ ఫొటోలు తీసినవాళ్లు ఎవరు?

ఇంటి సంగతికి వస్తాను. నేను పుట్టినప్పుడు ఆయన ఓడ మీద ఉన్నాడు. తాతయ్య పంపిన టెలిగ్రామ్ ఆయన చేతికి అందేసరికి పన్నెండు రోజులైందట. నన్ను మొదట చూసింది ఐదో నెలలో. విశాఖలో ఉన్నప్పుడు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి డోన్‌లో దిగి, అక్కడి నుంచి బస్సులో వచ్చేవాడు. ముంబైలో ఉన్నప్పుడు గుంతకల్లులో దిగేవాడు. మేం కొన్నేళ్లు ఆయనతో క్వార్టర్స్‌లో ఉన్నాం. తమ్ముడి చదువు, తాతయ్య జబ్బు వచ్చాక అమ్మ మమ్మల్ని తీసుకుని కర్నూలు పాతబస్తీలో ఉండిపోయింది. అప్పటి నుంచి సంసారం ఉత్తరాల మీదే.

ఉత్తరంతో పాటు ఒక చిన్న ప్రింటు వచ్చేది. వెనక పెన్సిల్‌తో తేదీ, ఊరు, రెండు అంకెలు. ఆ అంకెలు డబ్బు లెక్క అనుకుందట అమ్మ మొదట్లో. అవి లెన్సు ఎంత తెరిచాడో, ఎంత వేగంతో తీశాడో రాసుకున్నవని సెలవుకు వచ్చినప్పుడు విడమరిచి చెప్పాడు. తర్వాత అమ్మ వాటిని చదవడం నేర్చుకుంది. పదకొండు, రెండువందల యాభై అని ఉంటే ఆ రోజు ఎండ బాగా కాసిందని. నాలుగు, అరవై అని ఉంటే మబ్బు పట్టిందని, లేదా పొద్దు వాలిందని. పదో తరగతితో చదువు ఆగిపోయిన మా అమ్మ, ఆ రెండు అంకెలు చూసి వెయ్యి కిలోమీటర్ల అవతల మొగుడు ఎండలో ఉన్నాడా నీడలో ఉన్నాడా అని తెలుసుకునేది. జవాబు రాసేటప్పుడు "అక్కడ వాన పడిందా?" అని రాసేది.

సెలవుల్లో మా స్నానాలగది డార్క్‌రూమ్ అయ్యేది. కిటికీకి పాత కంబళి, తలుపు కింద సందుకు తడిపిన గోనెసంచి, లోపల ఎర్ర జీరో బల్బు. ఫిల్మ్ కడిగే మందు ఇరవై డిగ్రీల దగ్గర ఉండాలి. కర్నూలు ఎండాకాలం ఎలా ఉంటుందో మీకు తెలుసు. కొళాయి నీళ్లే కాగినట్టు వచ్చేవి. అందుకని మట్టికుండలో నీళ్లు రాత్రే పట్టిపెట్టి, సోడా అంగడి నుంచి ఐసు తెచ్చి, పళ్లెంలో ఐసు మధ్య మందు సీసా నిలబెట్టి, థర్మామీటర్ చూసుకుంటూ కూర్చునేవాడు. ఇంతా చేస్తే కష్టం మందుతో కాదు, కడగడంతో. హైపో అనే మందు పోయేదాకా ప్రింట్లను పారే నీళ్లలో చాలాసేపు కడగాలి, లేకపోతే నాలుగేళ్లకు పసుపు పడతాయి. మా వీధిలో నీళ్లు రోజు మార్చి రోజు వచ్చేవి. "తాగేదానికి నీళ్లు లేకుంటే ఫొటోలకు స్నానం కావాల్నా?" అని అమ్మ బయటి నుంచి అరిచేది. లోపల్నుంచి జవాబు వచ్చేది కాదు. నీళ్ల చప్పుడు మాత్రం కొంచెం తగ్గేది.

ఆ నెగెటివ్‌లన్నీ ఒక ట్రంకు పెట్టెలో ఉండేవి. పుట్టువెంట్రుకలు, బడి మొదటి రోజు, ఆదోనిలో అమ్మమ్మ, తుంగభద్ర ఒడ్డున మేమిద్దరం, తాతయ్య చివరి ఏడాది. ఇరవై ఆరేళ్ల సెలవులన్నీ అందులోనే. ఒక్క అధికారిక నెగెటివ్ కూడా ఆయన ఇంటికి తేలేదు. అవి ప్రభుత్వానివి, ముట్టుకోకూడదు అనేవాడు. ఇంటివి ఇంట్లో, ఓడవి ఓడలో.

2009 అక్టోబర్ 2. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి కర్నూలు మీదికి వచ్చాయి. ఆ రాత్రి మేం పక్కింటివాళ్ల మిద్దె మీద గడిపాం. నీళ్లు తీసి ఇంట్లోకి వెళ్తే మోకాళ్ల దాకా బురద. ట్రంకు పెట్టె బోర్లా పడి ఉంది. అందరూ సామాను ఎండకు వేస్తుంటే నాయన మాత్రం "ఆ ఫిల్ములు ఎండనివ్వద్దండి" అని అరిచాడు. తడిసిన నెగెటివ్‌లు అలాగే ఎండితే ఒకదానికొకటి అంటుకుపోయి ఇక విడిపోవట. తడిగానే ఉంచి, మంచినీళ్లలో ఒక్కొక్కటే విడదీసి, కడిగి ఆరేయాలి. కానీ ఊళ్లో మంచినీళ్లు ఎక్కడివి? తాగడానికే పొట్లాలు పంచుతున్నారు. ట్యాంకరు వస్తే అమ్మ రెండు బిందెలు పట్టుకొచ్చింది. రెండూ ఆయన ముందు పెట్టి "కానియ్" అంది. ఎన్నో ఏళ్లు నీళ్ల కోసం పోట్లాడిన మనిషి. నాయన ఒక బిందె తీసుకుని రెండోది వెనక్కి జరిపాడు.

గచ్చు మీద కూర్చుని రెండు రోజులు కడిగాడు. నేను పక్కన కూర్చుని బట్టల క్లిప్పులు అందించాను. వెలుతురుకు ఎత్తి చూస్తే, బొమ్మ ఉండాల్సిన పొర పాల మీద మీగడలాగా జారి కిందికి వచ్చేది. మా ముఖాలు ఆయన వేళ్లకు నల్లగా అంటుకునేవి. పెట్టెడు ఫిల్ములో నలభై ఒక్క ముక్కలు బతికాయి. వాటిని మిద్దె మీద దండెం మీద ఆరేశాడు. ఒక్కమాట కూడా అనలేదు. వరద మీదా, ఎవరి మీదా.

ఇంట్లో తీసినవి ఏరు తీసుకుపోయింది. ఓడల మీద తీసినవి మీ దగ్గర భద్రంగా ఉన్నాయి. ఆయన చేతిపనిలో మిగిలిన పెద్ద వాటా అదే. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

ఏటా డిసెంబర్ 4న నౌకాదళ దినోత్సవం వస్తుంది. 1971లో కరాచీ మీద దాడి చేసిన రోజు అది. ఆ రోజు పాత ఫొటోలు టీవీల్లో, ఫోన్లలో తిరుగుతాయి. ఓడ పేరు చెప్తారు, కెప్టెన్ పేరు చెప్తారు. చెప్పాల్సిందే. అదే నెల 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోతున్న ఫొటో మనందరం బడిలో చూసిందే. సంతకం పెడుతున్న పాకిస్తాన్ జనరల్ నియాజీ, పక్కన మన జనరల్ అరోరా, వెనక నిలబడినవారిలో తూర్పు నౌకాదళాన్ని నడిపిన వైస్ అడ్మిరల్ కృష్ణన్. ఒక్కొక్కరినీ వేలు పెట్టి చూపించగలం. ఆ క్షణంలో బల్లకు ఇవతల కెమెరా పట్టుకుని నిలబడినవాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

చట్టం కూడా ఈ విషయంలో మూగగా లేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటోకు కర్త దాన్ని తీసిన మనిషే. ప్రభుత్వ ఉద్యోగంలో తీసిన ఫొటో మీద హక్కు ప్రభుత్వానిది, 17వ సెక్షన్ చెప్పేది అదే, దాని గురించి మాకు ఏ తగాదా లేదు. రూపాయి అడగడం లేదు. కానీ అదే చట్టంలో 57వ సెక్షన్ ఉంది. హక్కులు వేరేవాళ్ల చేతికి పోయినా, ఇది నేను చేసిన పని అని చెప్పుకునే హక్కు కర్తకు మిగిలే ఉంటుందని అది చెప్తుంది. అమెరికా నౌకాదళం విడుదల చేసే ఫొటోల కింద తీసిన నావికుడి హోదా, పేరు ఉంటాయి. 2006లో వాళ్లు ఫొటోగ్రాఫర్ల విభాగాన్ని ఇంకొన్ని విభాగాలతో కలిపేసి కొత్త పేరు పెట్టారు. విభాగం పేరు మారినా ఫొటో కింద మనిషి పేరు అలాగే ఉంది. అక్కడ కుదిరినది ఇక్కడ ఎందుకు కుదరదు?

రహస్యంగా ఉంచాల్సినవి రహస్యంగానే ఉంచండి. ఆ విషయంలో నాయన మీకంటే కఠినం, ఇన్నేళ్లలో మాకు చెప్పకూడనిది ఒక్కటీ చెప్పలేదు. మీరు బయటికి తెచ్చే ఫొటోల సంగతే నేను అడిగేది. గోడకు తగిలించినా, పుస్తకంలో వేసినా, పత్రికకు పంపినా, తీసినవారి పేరు, హోదా, ఏడాది కింద రాయించండి. పాత రిజిస్టర్‌లు ఎక్కడైనా మిగిలి ఉంటే చెద పట్టకముందే తెరిపించండి, పేర్లు అందులో ఉంటాయి. స్కాన్ చేసేటప్పుడు, ఇప్పుడు డిజిటల్‌లో తీసేటప్పుడు, ఫైల్ లోపలే తీసినవారి పేరు రాయడానికి ఒక గడి ఉంటుంది, దాన్ని ఖాళీగా వదలొద్దు. అయితే ఫోన్లలో ఒకరి నుంచి ఒకరికి పంపేటప్పుడు ఆ వివరం చాలాసార్లు ఊడిపోతుంది. కాబట్టి ఫొటో కింద అక్షరాల్లో కూడా ఉండాలి.

రిజిస్టర్ దొరకని వాటికి ఒకటే దారి ఉంది. రిటైరైన ఫొటోగ్రాఫర్‌లను పిలవండి, లేదా వాళ్ల ఇళ్లకు మనిషిని పంపండి. తొందరగా పంపండి. నాయనతో పనిచేసినవాళ్లలో ఇద్దరు ఈమధ్యే పోయారు. ఫోన్ వచ్చిన రోజు ఆయన మిద్దె మీద చాలాసేపు కూర్చుని, కిందికి వచ్చి, వాళ్లు తీసిన ఫొటోల గురించే చెప్పాడు. ఏ ఓడ, ఏ రేవు, ఎవరు నిలబడి ఉన్నారు, అన్నీ. అదంతా నేను ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టాను. నావికులు కాని మా చేతుల్లో ఆ వివరాలు ఎన్నాళ్లు నిలుస్తాయి?

మొన్న పరీక్షగా ఒక పాత ఫొటో ఫోన్లో చూపించాను. ఓడ పేరు కనిపించకుండా వేలు అడ్డం పెట్టాను. స్తంభం ఆకారం చూసి ఏ తరగతి ఓడో చెప్పాడు. నీడలు చూసి మధ్యాహ్నం తర్వాత తీసిందన్నాడు. తర్వాత కాసేపు చూసి, "ఇది నేను తీసింది కాదు. ఇంత కిందికి వంగి తీసేవాడు మాలో ఒక్కడే" అని ఆ మనిషి పేరు చెప్పాడు. చేతిరాత గుర్తుపట్టినట్టు గుర్తుపట్టాడు.

కార్ నికోబార్ ఫొటో వెనక ఏం రాసి ఉందో చూడాలని, ప్రదర్శన చూసి వచ్చాక నేను ఆదోని వెళ్లి ఫ్రేము విప్పించాను. పెన్సిల్ గీతలు చెక్కు చెదరలేదు. డిసెంబర్ 2004, కార్ నికోబార్, ఐదు పాయింట్ ఆరు, నూట ఇరవై ఐదు. అమ్మ అడగకుండానే చెప్పింది, "మబ్బు పట్టింది ఆ రోజు." దాని కింద ఇంకో మాట ఉంది, అంతకుముందు మేమెవ్వరం చూడనిది. భుజాన మోస్తున్న ఆ నావికుడి పేరు. తన పేరు నాయన రాసుకోలేదు. ఆ నావికుడి పేరు కూడా మీ ప్రదర్శనలకు కావాలి కదా. అడిగితే ఇస్తాం.

మీలో ఎవరైనా వస్తామంటే నాయన రోజూ ఉదయం ఇంట్లోనే ఉంటాడు. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండో కంటికి ఇంకా కాలేదు, పొద్దున వెలుతురులో అయితే బాగా చూస్తాడు. ఫొటోలు కొంచెం పెద్ద సైజులో వేయించుకుని రండి.

ఇట్లు,
ఒక నౌకాదళ ఫొటోగ్రాఫర్ కూతురు,
కర్నూలు.